తలుపు తట్టి లోపలికెళ్లు, అమ్మలూ

ఇంటర్‌లో బొద్దింక శ్వాసవ్యవస్థ రాసి ఎనిమిదికి ఎనిమిది మార్కులూ తెచ్చుకున్న పిల్లవి. శ్వాసరంధ్రాలు పది జతలు, రెండు జతలు రొమ్ములో, ఎనిమిది జతలు పొట్టలో అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదానివి. ఇప్పుడు హైదరాబాదు హాస్టల్లో అదే బొద్దింక బాత్రూమ్ గోడ మీద కనిపిస్తే అర్ధరాత్రి వరండాలోకి పరుగెత్తుతున్నావని తెలిసి మీ నాన్న పకపకా నవ్వాడు. "ఫార్మసీ చదివే పిల్లకి పురుగంటే భయమేమిటి నాన్నా!" అన్నాడు. నేను నవ్వలేదు. ఏళ్ల తరబడి జువాలజీ చెప్పినవాణ్ణి. ట్రేలో బొద్దింకని పెట్టి కోయమంటే కత్తెర కింద పడేసి బయటికి పోయిన మగపిల్లలు ఎంతమందో! వాళ్లలో ఆపరేషన్లు చేసే డాక్టర్లయినవాళ్లూ ఉన్నారు.

మీ నాన్నకి తెలియనిదేమిటంటే, చదువుకున్నది మెదడులో ఒక చోట ఉంటుంది, భయం ఇంకో చోట పుడుతుంది. గోడ మీద నల్లగా ఏదో కదిలిందని కంటికి తోచగానే, అది పెరిప్లానెటా అమెరికానా అని మెదడు పైపొర పేరుపెట్టే లోపే, లోపల అమిగ్డలా అనే చిన్న భాగం హెచ్చరిక పంపేస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి వచ్చి పడుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, కాళ్లు తలుపువైపు తిరుగుతాయి. నీ ఎనిమిది మార్కుల జ్ఞానం ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. అప్పటికి నువ్వు వరండాలో ఉంటావు. అందుకే "అది నిన్నేం చేస్తుందే?" అనే మాట ఎవరి భయాన్నీ ఇంతవరకు పోగొట్టలేదు.

నీది ఒట్టి భయం కూడా కాదు. సగం భయం, సగం అసహ్యం. పులిని చూస్తే భయమేస్తుంది గానీ వాంతి రాదు కదా. బొద్దింక విషయంలో రెండూ కలిసి వస్తాయి. అమెరికాలో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన తోటివాళ్లతో కలిసి 1986లో అచ్చయిన ఒక ప్రయోగంలో, క్రిములేవీ లేకుండా శుద్ధిచేసిన చచ్చిన బొద్దింకని పళ్లరసంలో ముంచి తీసి, తాగమన్నాడు. శుద్ధి చేశామని ముందే చెప్పాడు కూడా. అయినా అంతకుముందు ఇష్టంగా తాగిన రసమే అక్కడివాళ్లకి పనికిరాకుండా పోయింది. కుళ్లు, మురికి, రోగం ఉన్నచోట తిరిగేవాటికి దూరంగా ఉండమని మన ఒంటికి పాత అలవాటు. ఆ అలవాటుకి కారణం లేకపోలేదు. మురుగు కాలవలో తిరిగి వచ్చిన బొద్దింక కాళ్లకి బాక్టీరియా అంటుకుని వస్తుంది. దాని రెట్ట, ఊడిన పొట్టు దుమ్ములో కలిస్తే కొందరికి ఆయాసం ఎక్కువవుతుంది. కాబట్టి బొద్దింకని ప్రేమించమని నేను చెప్పబోవడం లేదు. దానితో ఒకే గదిలో ఉండాల్సి వచ్చిన ఆ రెండు నిమిషాలూ నీ కాళ్లు నీ మాట వినాలి, అంతే నా కోరిక.

పురుగంటే భయంతో నువ్వు పుట్టావనుకుంటున్నావేమో. అదేం లేదు. ఆరుద్ర కార్తెలో తొలకరి పడితే తెనాలిలో మన చేలగట్టు మీద ఎర్రటి మఖమలు ముద్దల్లాంటి ఆరుద్ర పురుగుల్ని ఏరి అగ్గిపెట్టెలో దాచింది ఎవరు? అరచేతిలో పాకించుకుని, గడ్డిపరక వేసి, అది తినట్లేదని ఏడ్చింది ఎవరు? దానికి ఎనిమిది కాళ్లు. నల్లులకి కాదు గానీ, సాలీళ్లకీ పిడుదులకీ దగ్గరి చుట్టం. బొద్దింక కంటే రెండు కాళ్లు ఎక్కువున్నదాన్ని చేతిలో ఆడించిన దానివి నువ్వు.

మరి బొద్దింక దగ్గరికొచ్చేసరికి ఏమైంది? మీ అమ్మ మంచమెక్కి అరవడం చూశావు. చూసి నేర్చుకున్న భయానికి ఎంత బలముంటుందో కోతులతో తేల్చిన ఒక శాస్త్రవేత్త ఉంది, సూసన్ మినెకా అని. ల్యాబ్‌లో పుట్టి పెరిగిన కోతులకి పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పాముని చూసి హడలిపోవడం వాటికి చూపించారు. కాసేపటికే ఇవీ హడలడం మొదలెట్టాయి. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ హడలడాన్ని వీడియో తీసి, దాన్ని మార్చి, కోతి పువ్వుని చూసి భయపడినట్టు చూపిస్తే మాత్రం ఏ కోతీ పువ్వుకి భయపడలేదు. అంటే కొన్నిటికి భయపడటం మనకి చప్పున పట్టుబడుతుంది, కొన్నిటికి పట్టుబడదు. పాము, పురుగు లాంటివి ఆ మొదటి జాబితాలోవి. మినెకావాళ్లు ఇంకోటీ కనిపెట్టారు: పాము దగ్గర నిబ్బరంగా ఉన్న కోతిని ముందుగా చూసిన కోతులకి, తర్వాత హడలే కోతిని చూపించినా భయం అంత తేలిగ్గా అంటలేదు. మీ తమ్ముడింకా చిన్నవాడు. సెలవులకొచ్చినప్పుడు వాడి ముందు అరిచే ముందు ఈ సంగతి గుర్తుచేసుకో.

ప్రమాదానికి తగ్గట్టు భయం ఉంటుందా అంటే, అదీ ఉండదు. నీ గదిలో నిజంగా ప్రాణం మీదికి తేగలిగింది బొద్దింక కాదు, దోమ. డెంగీ, మలేరియా, చికున్‌గున్యా అన్నీ దాని పనే. దోమని చూసి ఏ అమ్మాయీ వరండాలోకి పరుగెత్తదు. చేత్తో చరిచి, చీర చెంగుకో చున్నీకో తుడిచేసుకుంటారు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ మైక్రోస్కోపులో మొదటిసారి చూసింది నువ్విప్పుడున్న ఊళ్లోనే, సికింద్రాబాదు బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. దానికి ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఒక ఆదివారం వెళ్లి చూసిరా. అక్కణ్ణుంచి వచ్చాక, కూలర్ తొట్టిలో నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందో కూడా ఓసారి చూడు.

"కానీ తాతయ్యా, అది నా మీదకే వస్తుంది!" అన్నావు ఫోన్లో. అందరూ అనేది అదే. అది ఏం చేస్తోందో చెప్తాను విను.

బొద్దింక వెనకవైపు, తోక దగ్గర రెండు చిన్న కొమ్ములుంటాయి, రికార్డులో లేబుల్ పెట్టే ఉంటావు. ఒక్కో కొమ్ము అడుగున రెండు వందలకు పైగా సన్నటి వెంట్రుకలు. గాలి కాస్త కదిలితే చాలు, ఏ వైపు నుంచి కదిలిందో ఆ వెంట్రుకలు చెప్పేస్తాయి. కప్ప నాలుక చాపబోతూ ముందుకు దూకేటప్పుడు నెట్టే గాలిని పసిగట్టి బొద్దింక తప్పించుకుంటుందని జెఫ్రీ కామ్హి అనే ఆయన 1978లో చూపించాడు. గాలి తగిలిన క్షణానికీ అది మళ్లిన క్షణానికీ మధ్య వ్యవధి సుమారు సెకనులో ఇరవయ్యో వంతు. నువ్వు చీపురెత్తి విసిరేసరికి చీపురు కంటే ముందు చీపురు గాలి దానికి చేరుతుంది. అందుకే నీ చీపురు ఎప్పుడూ ఖాళీ నేలకే తగులుతుంది.

ఇక పరుగు. తనని భయపెట్టినదానికి దూరంగా పోతుంది గానీ ఒకే దిక్కున పోదు. కుడికో ఎడమకో ఏటవాలుగా, ఎటు పోతుందో ఎదుటివాడికి అంతుపట్టనట్టు పోతుంది. నాలుగడుగులు వేశాక దానికి కావలసింది చీకటి, ఒళ్లు రెండువైపులా ఒరుసుకునే ఇరుకు సందు. ట్యూబ్‌లైటు వెలుగుతున్న గదిలో చీకటి ఎక్కడుంటుంది? మంచం కింద, చెప్పుల కింద, నీ కాళ్ల నీడలో. దానికి నువ్వు మనిషివని తెలీదు, నీ పేరు తెలీదు, నీ మీద పగా లేదు. అది వెతుక్కునే నీడ నీ దగ్గరుంది, అంతే. వేసవిలో బాగా ఉక్కపోసిన రాత్రుళ్లు మగవి రెక్కలు విప్పి ఎగరబోతాయి గానీ, అది సరిగా ఎగరడమూ కాదు. ఎత్తు నుంచి జారి, ఎక్కడ ఆనితే అక్కడ దిగుతాయి.

సందు ఎంత ఇరుకైతే దానికి ఇల్లవుతుందో కూడా కొలిచారు. కౌశిక్ జయరామ్, రాబర్ట్ ఫుల్ అనే ఇద్దరు అమెరికాలోని బర్కిలీలో చేసిన పని 2016లో వచ్చింది. వేలెడు లేని ఈ పెద్ద బొద్దింక 3 మిల్లీమీటర్ల సందులో ఒళ్లు అణుచుకుని సెకను లోపే దూరిపోతుంది. తన బరువుకి దాదాపు తొమ్మిది వందల రెట్లు బరువు పడినా ఓర్చుకుంటుంది. చెప్పుతో ఒక దెబ్బ వేసి చచ్చిందనుకుని వెనుదిరిగితే, అది లేచి పోయిందంటే, నీ దెబ్బ తప్పు కాదు, దాని ఒళ్లు అలాంటిది.

దీన్నిబట్టి తేలే మొదటి పని: బాత్రూమ్‌లోకి రాత్రిపూట వెళ్లేటప్పుడు తలుపు తట్టు. నవ్వకు. లైటు వేసి, తలుపు మీద గట్టిగా రెండు దెబ్బలు వేసి, కాస్త ఆగి లోపలికెళ్లు. నేల అదురుని పట్టే అవయవాలు దాని మోకాళ్ల దిగువన ఉంటాయి. వెలుగు, అదురు రెండూ కలిస్తే అది తనంతట తాను ఏదో చీకటి సందులోకి దిగిపోతుంది. నువ్వు దాన్ని చూడాల్సిన పనే ఉండదు. చూడాల్సి వచ్చినా, హఠాత్తుగా చూడటం వేరు, ఉండొచ్చు అనుకుంటూ చూడటం వేరు. గుండెకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

రెండోది, ఆ స్ప్రే డబ్బా. నీ మంచం పక్కన ఎర్ర డబ్బా ఆయుధంలా పెట్టుకున్నావని తెలుసు. అందులో ఉండేవి పైరెత్రాయిడ్లు, చేమంతి జాతి పువ్వులోని మందుని చూసి తయారుచేసినవి. నరాల్లో సోడియం పోవడానికి ఉండే ద్వారాల్ని మూసుకోనివ్వవు. దాంతో నరం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. చావబోయే ముందు బొద్దింక పిచ్చెత్తినట్టు గది అంతా తిరిగి, వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకోవడం అందుకే. సందుల్లో నిశ్చింతగా ఉన్నవి కూడా ఆ వాసనకి బయటికొస్తాయి. పురుగు కదలికకే వణికే మనిషి, దాన్ని ఇంకా వేగంగా, ఇంకా అడ్డదిడ్డంగా కదిలించే మందు వాడటం ఎందుకు? పైగా నలుగురు పడుకునే గది, కిటికీలు మూసి ఉంటాయి. నన్నడిగితే ఆ డబ్బా వాచ్‌మన్ గదిలో పెట్టించెయ్.

దానికి బదులు రెండున్నాయి. ఒకటి జెల్. సిరంజి లాంటి గొట్టంలో అమ్ముతారు. సింకు కింద, అల్మారా కీళ్ల దగ్గర, తలుపు చట్రం మూలల్లో పెసరగింజంత చుక్కలు పెడితే, రాత్రి వచ్చి తిని, తన గూటికి పోయి అక్కడ చస్తుంది. దాని రెట్టనీ శవాన్నీ తిన్న మిగతావీ పోతాయి. అరుపు లేదు, పరుగు లేదు. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టావంటే ఆ ఘాటుకి అవి జెల్ జోలికి రావు. ఇక రెండోది సబ్బునీళ్లు. గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోసుకో. ఇక్కడ నీ ఎనిమిది మార్కులు పనికొస్తాయి: మామూలు నీళ్లు దాని మైనపు ఒంటి మీద నిలవవు, జారిపోతాయి. సబ్బు కలిపిన నీళ్లు పరుచుకుని శ్వాసరంధ్రాల్ని మూసేస్తాయి. నాలుగడుగుల దూరం నుంచి కొట్టొచ్చు. తర్వాత నేల తుడిచెయ్, లేకపోతే జారిపడేది నువ్వు.

ఇదంతా బొద్దింక సంగతి. నీ భయం సంగతి ఇంకా మిగిలే ఉంది. గదిలో ఒక్క పురుగు లేకపోయినా రాత్రి రెండింటికి దుప్పటి దులిపి చూసుకునే అలవాటు ఏ జెల్‌తోనూ పోదు. దానికి వేరే వైద్యం ఉంది. అది పుట్టి వందేళ్లు దాటింది.

న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ దగ్గరికి పీటర్ అని మూడేళ్లు నిండని పిల్లాణ్ణి తీసుకొచ్చారు. వాడికి కుందేలంటే భయం. దూదన్నా, బొచ్చుకోటన్నా భయమే. ఆవిడ వాడికి కుందేలు మంచిదని చెప్పలేదు. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టి, కుందేల్ని బోనులో పెట్టి గదికి అవతలి చివర ఉంచింది. వాడు ఏడవనంత దూరంలో. తర్వాత రోజు కాస్త దగ్గరికి. ఆ తర్వాత ఇంకాస్త. కొన్నాళ్లకి కుందేలు వాడి వేళ్లు కొరుకుతుంటే వాడు ఊరుకున్నాడు. ఇది 1924లో అచ్చయింది. ముప్పై ఏళ్లు దాటాక దక్షిణాఫ్రికా డాక్టరు జోసెఫ్ వోల్పే ఈ దారినే పద్ధతిగా మార్చి పుస్తకం రాశాడు. 1980ల చివర్లో స్వీడన్‌లో లార్స్ గోరన్ ఓస్ట్ సాలీళ్ల లాంటివాటికి భయపడేవాళ్లని కూర్చోబెట్టి, మూడు గంటల్లోపు ఒకే విడతలో చాలామందికి నయం చేసి చూపించాడు. ఏళ్ల తరబడి మోసిన భయం ఒక్క మధ్యాహ్నంలో తగ్గిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, అది నిజం.

అది ఎలా పనిచేస్తుందంటే, తెనాలిలో మనింటి ముందు రైలు పట్టాలున్నాయి కదా. కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి రాత్రి ప్రతి బండికీ ఉలిక్కిపడి లేస్తారు. నాలుగో రాత్రికి మెయిల్ వచ్చిందో పోయిందో వాళ్లకి తెలీదు. బండి చప్పుడు తగ్గలేదు. వినీ వినీ, ఏమీ కాకపోయేసరికి మెదడు పట్టించుకోవడం మానేసింది. చుట్టం మొదటి రాత్రే సంచీ సర్దుకుని వెళ్లిపోతే మాత్రం ఆ చప్పుడు వాడికి ఎప్పటికీ పిడుగే. నువ్వు చేస్తున్నది అదే. భయం ఎక్కువైన క్షణాన పారిపోతున్నావు. పారిపోగానే హాయిగా ఉంటుంది. ఆ హాయిని చూసి మెదడు, 'పరుగెత్తాను కాబట్టే బతికాను' అని రాసిపెట్టుకుంటుంది. మళ్లీసారి ఇంకా ముందే పరుగెత్తిస్తుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకో. భయానికి మార్కులు వెయ్యి, నూటికి. ఇది కూడా వోల్పే చెప్పిందే. పెన్సిలుతో గీసిన బొద్దింక బొమ్మ, నీ పాత రికార్డులోది, పది అనుకో. ఫోన్లో రంగుల ఫొటో పాతిక. కదిలే వీడియో నలభై. మూత బిగించిన గాజు సీసాలో చచ్చిన బొద్దింక, గదికి అవతల బల్ల మీద, యాభై ఐదు. అదే సీసా నీ బల్ల మీద, డెబ్భై. సీసాలో బతికున్నది ఎనభై ఐదు. నేల మీద విడిగా పోతుంటే నువ్వు కుర్చీలో కాళ్లు కిందపెట్టి కూర్చోవడం తొంభై ఐదు. ఇవి నా అంచనాలు. నీవి నువ్వు వేసుకో.

పగటిపూట, కడుపు నిండా తిని, కింది మెట్టు నుంచి మొదలుపెట్టు. బొమ్మ అయ్యాక ఫొటో చూస్తూ కూర్చో. పాతిక నుంచి నలభైకి ఎగబాకుతుంది, ఎగబాకనీ. ఊపిరి నెమ్మదిగా, బయటికి వదిలేది కాస్త ఎక్కువసేపు ఉండేలా తియ్యి. కళ్లు మాత్రం తిప్పుకోకు, కళ్లు మూసుకుంటే లెక్కలోకి రాదు. కాసేపటికి అదే దిగుతుంది. మొదట వేసిన మార్కుల్లో సగానికి వచ్చేదాకా లేవకు. దిగాకే పైమెట్టు. ఒక మెట్టు దగ్గర రోజుల తరబడి ఆగినా ఫరవాలేదు, రెండు మెట్లు ఒకేసారి ఎక్కడమే కూడదు. ఎవరైనా స్నేహితురాలు సరదాకి నీ మీదకి బొద్దింక విసిరితే అది వైద్యం కాదు, దుర్మార్గం. నీ రూమ్మేట్ కరీంనగర్ పిల్ల ఉంది చూశావూ, చీపురు తిరగేసి నిదానంగా తోసేసే పిల్ల, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకో. మొదట తను చేస్తుంటే చూడు, తర్వాత నువ్వు చెయ్యి. కోతి కూడా చూసే నేర్చుకుంది.

సీసా మెట్టు దాకా వచ్చావంటే నీకో పని. బొద్దింక మీద హార్లిక్స్ సీసా బోర్లించి, చీపురులా విసరకుండా నెమ్మదిగా దించి, అడుగున అట్టముక్క దూర్చి పట్టమను ఆ పిల్లని. మూత పెట్టి, లైటు కింద పెట్టుకుని చూడు. కాసేపు గోడలు తడిమి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఒక మీసాన్ని ముందుకాలితో కిందికి వంచి, నోట్లోకి పెట్టుకుని, మొదలు నుంచి కొసదాకా పళ్ల మధ్య లాగుతుంది. అది అయ్యాక రెండో మీసం. ఒంటి మైనం, దుమ్ము మీసం మీద పేరుకుంటే దానికి వాసనలు తెలియవు, అందుకని రోజులో ఎన్నిసార్లు తుడుచుకుంటుందో. కాళ్ల మీద ముళ్లు కనిపిస్తాయి. నోటి పక్కన చిన్న చేతుల్లాంటివి ఊరికే కదులుతుంటాయి. పొట్ట మీద దృష్టి పెట్టు: సన్నగా పొంగుతూ, అణుగుతూ ఉంటుంది. గాలి ఆ పది జతల రంధ్రాల్లోంచి లోపలికీ బయటికీ పోతోంది. నువ్వు పరీక్షలో రాసిందే. ఇప్పుడు కళ్లెదుట. అది చూస్తున్నంతసేపూ నీ మార్కులు ఎంతో కాగితం మీద వెయ్యి.

నిద్ర సంగతి దీనికి ముడిపెట్టకు. అభ్యాసం పగలు, నిద్ర రాత్రి. మడత దోమతెర ఒకటి కొనుక్కుని అంచులు పరుపు కిందకి దోపి పడుకో. దోమకీ అదే, బొద్దింకకీ అదే. చెవిలో దూరుతుందేమోనని కూడా అన్నావు. ఎప్పుడో ఒకసారి ఎవరికో జరిగేదే. చెవిలో ఏదైనా దూరితే పిన్నీసు, ఇయర్‌బడ్ పెట్టకు. కర్ణభేరికి చిల్లులాంటిదేమీ లేకపోతే రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, డాక్టరు దగ్గరికి పో.

గదిలో చెయ్యాల్సినవి నీకు తెలిసినవే. తిండి లేకుండా వారాలు ఉండగలిగే బొద్దింక నీళ్లు లేకుండా అన్నాళ్లు ఉండలేదు. అందుకని మిక్చరు డబ్బా మూత కంటే కారే కుళాయి ముఖ్యం. తడి మాప్ గదిలో పెట్టొద్దు, రాత్రి బాత్రూమ్ జాలీ మీద సన్న మెష్ వెయ్యి, తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించు. 3 మిల్లీమీటర్ల సందులో కూడా దూరుతుందని గుర్తుంది కదా. పార్సిళ్లు వచ్చిన అట్టపెట్టెలు మంచం కింద దాచొద్దు. చిన్న గోధుమరంగు బొద్దింకలు వాటిలోనే వస్తాయి. వాటిని జర్మన్ బొద్దింకలంటారు గానీ, జన్యువులు చూస్తే దాదాపు రెండు వేల ఏళ్ల కిందట మన దేశంలోనో పక్కన బర్మాలోనో పుట్టినవని 2024లో తేల్చారు. పొట్టలో నుంచి బయటికొచ్చిన గుడ్ల పెట్టెని పిల్లలు వచ్చేదాకా మోస్తుంది దాని తల్లి. ఒక్కో పెట్టెలో ముప్పై నలభై ఉంటాయి. ఒకటి కనిపించినప్పుడే జెల్ పెట్టు.

వానాకాలం రాత్రుళ్లు లైటు చుట్టూ ఉసిళ్లు చేరతాయి, వాటికి భయపడకు. రెక్కలొచ్చిన చెదలు, కుట్టవు, కరవవు. ఎగిరే పురుగులు వెలుగువైపు వీపు తిప్పి ఎగరబోయి, దీపం చుట్టూ చిక్కుపడిపోతాయని ఈమధ్య హైస్పీడ్ కెమెరాలతో చూశారు. లైటు ఆర్పి వరండాలో లైటు వేస్తే అవే పోతాయి. ఒక్కదాని విషయంలో మాత్రం జాగ్రత్త: సన్నగా చీమలా, నారింజ, నలుపు పట్టీలతో ఒక పురుగు వస్తుంది. కరవదు గానీ ఒంటి మీద నలిపితే దాని రసం తగిలిన చోట కాలినట్టు బొబ్బలొస్తాయి. ఊదెయ్, లేకపోతే కాగితంతో తోసెయ్, తగిలిందనుకుంటే వెంటనే సబ్బుతో కడుక్కో. చూశావా, ఇక్కడ నిబ్బరంగా ఉన్నవాళ్లకే మేలు, కంగారుపడి చరుచుకున్నవాళ్లకి బొబ్బలు.

ఇన్ని చెప్పినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసినా, హాస్టల్ వదిలేసి వచ్చేద్దామనిపించినా ఒక్కదానివే ఈ మెట్లెక్కాలని చూడకు. మెట్టుమెట్టుగా ఎక్కించడం నేర్చినవాళ్లు ఉన్నారు. కాలేజీ కౌన్సెలర్ ఉంటే అక్కడికెళ్లు. లేకపోతే ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.